పూల్ పీహెచ్ సరే, ముందు ఆ దగ్గు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 44. మొయినాబాద్ దగ్గర మా ఫామ్‌హౌస్‌లో చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. బోరు నీళ్లే నింపుతాం. ఎన్నిసార్లు యాసిడ్ పోసినా నాలుగైదు రోజులకే పీహెచ్ మళ్లీ 8.2 దాటుతోంది. ఈత కొట్టాక పిల్లల కళ్లు ఎర్రబడి మండుతున్నాయి. ఇంట్లో ఉన్న కంటి చుక్కలు వేస్తే తగ్గిపోతోంది. పోయిన ఆదివారం బ్లీచింగ్ పౌడర్ కలిపిన బకెట్‌లోనే యాసిడ్ పోస్తే ఘాటు వాసన వచ్చి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు ఇంకా కొంచెం ఉంది. పీహెచ్ పెరగకుండా ఏం చేయాలి? దానివల్ల చర్మానికి హాని ఉందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించింది ఆ బకెట్ సంగతే. బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే వచ్చేది క్లోరిన్ గ్యాస్. అది ముక్కు, గొంతుతో ఆగకుండా ఊపిరితిత్తుల దాకా పోతుంది. కొద్దిగా పీల్చిన చాలామందికి గాలి తగిలే చోటుకు వస్తే కాసేపట్లో సర్దుకుంటుంది. కొందరికి మాత్రం శ్వాసనాళాలు దెబ్బతిని, అంతకుముందు ఆస్తమా లేకపోయినా దగ్గు, పిల్లికూతలు నెలల తరబడి వేధిస్తాయి. మీ రాత్రి దగ్గు అదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీకు ఆస్తమా ఉందా, పొగ తాగుతారా అన్నదీ మీరు రాయలేదు. ఈ వారంలోనే ఫిజీషియన్‌కో, పల్మనాలజిస్ట్‌కో చూపించుకోండి. ఛాతీ పరీక్ష చేసి, ఆక్సిజన్ చూసి, అవసరమైతే స్పైరోమెట్రీ (ఊపిరితిత్తులు ఎంత బలంగా గాలి వదులుతున్నాయో చూసే ఊదుడు పరీక్ష) చేయిస్తారు. ఈలోపు దగ్గు సిరప్‌తోనో, ఇంకొకరి ఇన్‌హేలర్‌తోనో నెట్టుకురావద్దు. ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినట్టున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇలాంటిది మళ్లీ జరిగితే వెంటనే బయటికి రండి. బెల్లం, పాలు విరుగుడు కావు. ఎక్కువ గ్యాస్ పీల్చినప్పుడు మొదట బాగానే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే ‘ఇప్పుడు బాగానే ఉంది కదా’ అని ఇంట్లో పడుకోకూడదు.

ఇక కంటి చుక్కలు. అవి ఏమిటో మీరు రాయలేదు, ఎప్పుడు తెరిచారో కూడా రాయలేదు. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. ఎరుపు పూటలో పోతుంది కాబట్టే ఇంట్లో అందరికీ నచ్చుతుంది. కానీ లోపల వైరస్ ఇన్ఫెక్షనో, ఫంగసో ఉంటే నల్లగుడ్డు మీద పుండు ముదిరిపోతుంది. పదే పదే వాడితే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం కూడా రావచ్చు. పిల్లలకు చూపు మసకబారిందని తీసుకొచ్చాక, ‘అప్పుడెప్పుడో డాక్టర్ రాసిందే కదండీ’ అంటారు తల్లిదండ్రులు. అప్పుడు రాసింది అప్పటి జబ్బుకు! సాధారణంగా తెరిచిన నెల తర్వాత ఏ కంటి చుక్కలూ వాడకూడదు. ఆ సీసా పారేయండి. ఈత తర్వాత మంచి నీళ్లతో కళ్లు కడిగితే మామూలు మంట తగ్గుతుంది. నొప్పి, పుసి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే కంటి డాక్టర్ దగ్గరికే. కాంటాక్ట్ లెన్సులతో ఎవరూ పూల్‌లో దిగొద్దు.

పూల్ పీహెచ్, అంటే నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత, 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను గట్టిగా చంపే రూపంలో ఉంటుంది. 8.2 దగ్గర అది సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. క్లోరిన్ వేస్తున్నా పని చేయదన్నమాట. కళ్లకలక, చెవి ఇన్ఫెక్షన్లు, విరేచనాలు అలాంటి నీళ్లలోంచి అంటుకోవచ్చు. కళ్ల మంటకు ఇంకో కారణం చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి తయారయ్యే క్లోరమిన్లు. ఘాటు వాసన వస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నాయనుకోవద్దు, చాలాసార్లు అది వీటి వాసనే. దిగేముందు అందరూ స్నానం చేయాలి.

చర్మం గురించి అడిగారు. పొడిబారి దురద పెట్టవచ్చు, ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఎక్కువ. బయటికి రాగానే స్నానం చేసి మాయిశ్చరైజర్ రాస్తే చాలు.

పీహెచ్ మళ్లీ మళ్లీ ఎందుకు పెరుగుతోందంటే, బోరు నీళ్లలో ఆల్కలినిటీ, అంటే యాసిడ్‌ను తట్టుకునే క్షార లవణాల మోతాదు, ఎక్కువై ఉండవచ్చు. బ్లీచింగ్ పౌడర్ కూడా పీహెచ్‌ను పెంచుతుంది. ఫౌంటెన్ లాంటిది ఎప్పుడూ నడుస్తుంటే నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ పోయి ఇంకా పెరుగుతుంది. కొత్త పూల్ అయితే సిమెంటు ప్రభావమూ ఉంటుంది. కాబట్టి పీహెచ్ ఒక్కటే కాదు, టోటల్ ఆల్కలినిటీ, కాల్షియం కూడా పరీక్ష చేయించండి. ఆల్కలినిటీ లీటరుకు 80–120 మిల్లీగ్రాముల మధ్య ఉంటే పీహెచ్ అంతగా ఊగిసలాడదు. ఎంత యాసిడ్ అన్నది పూల్‌లో నీళ్ల పరిమాణాన్ని బట్టి ఉంటుంది, అది పూల్ టెక్నీషియన్ పని, కొలత నన్నడగొద్దు. నేను చెప్పగలిగేది ఇంతే: నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. క్లోరిన్‌కు వాడిన బకెట్, మగ్గు యాసిడ్‌కు వాడకూడదు. రెండూ ఒకే సమయంలో వేయొద్దు, ఒకే గదిలో పెట్టొద్దు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు యాసిడ్ డబ్బా, బ్లీచింగ్ ప్యాకెట్ల మీది లేబుళ్లు ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి. ఆ బకెట్ కలిపింది ఆరుబయటా, గదిలోనా, గదైతే కిటికీ ఉందా, ఎంతసేపు అక్కడున్నారు అన్నది కూడా చెప్పండి.