పోసెట్ల మీద పరిశోధన అంటోంది... ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మేథ్స్ ఆఖరి ఏడాదిలో ఉంది. ప్రాజెక్టుకి 'గ్రాఫుల నుంచి వచ్చే పోసెట్లు, వాటి న్యూమరికల్ ఇన్వేరియంట్లు' అనే అంశం తీసుకుంది. పీహెచ్‌డీ కూడా అందులోనే చేస్తానంటోంది. నేను బీకాం చదివినవాణ్ణి, నాకు ఆ పేరే అర్థం కాలేదు. బంధువులు డేటా సైన్స్ కోర్సులో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ముందు ఆ పేరు సంగతి చూద్దాం. అదేమిటో తెలియకుండా బిడ్డ అయిదేళ్లు దానికి పెడతానంటే మీకు భయం వేయడం సహజమే.

ఇంట్లో పులిహోర చేస్తున్నారనుకోండి. బియ్యం కడగాలి, వండాలి, అన్నం ఆరబెట్టాలి. మరోపక్క చింతపండు నానబెట్టాలి, గుజ్జు తీయాలి, పులుసు ఉడికించాలి. పోపు పెట్టుకోవాలి. చివర అన్నీ కలపాలి. మొత్తం 8 పనులు. కడగకుండా వండలేం, నానకుండా గుజ్జు రాదు. కానీ బియ్యం ముందు కడగాలా, చింతపండు ముందు నానెయ్యాలా అంటే ఏదైనా ఫర్వాలేదు. ఇలా కొన్నిటికి ముందూవెనకా ఖాయంగా ఉండి, కొన్నిటికి లేని ఏర్పాటునే పాక్షిక క్రమ సమితి అంటారు. మీ అమ్మాయి చెప్పే పోసెట్ అదే. పనులకు చుక్కలు పెట్టి, 'ఇది అయ్యాకే అది' అని బాణాలు గీస్తే గ్రాఫు వస్తుంది.

ఇన్వేరియంట్ అంటే ఆ బొమ్మను ఎటు తిప్పి గీసినా, చుక్కలకు ఏ పేర్లు పెట్టినా మారని సంఖ్య. మన పులిహోరలో అన్నిటికన్నా పొడవైన వరస 4: కడగడం, వండడం, ఆరబెట్టడం, కలపడం. ఎంతమంది సాయం వచ్చినా 4 అంచెలకు తగ్గదు. దీన్ని ఎత్తు అంటారు. ఒకేసారి సాగగలిగే పనులు 3కి మించవు, అది వెడల్పు. నాలుగో మనిషి వంటింట్లోకి వచ్చినా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఒక్కరే అన్నీ చేస్తే ఎన్ని రకాల వరసల్లో చేయవచ్చు? 140. పోపు ఒక్కటి తీసేస్తే అది 20కి పడిపోతుంది. కాగితం మీద మీరే సరిచూసుకోవచ్చు.

వెడల్పు ఎంతో, పనులన్నిటినీ పంచడానికి కావలసిన వరసలు (ఒక్కొక్కరు ఒకదాని తర్వాత ఒకటిగా చేసుకుపోయేవి) కనీసం అన్నే అని డిల్‌వర్త్ అనే గణితవేత్త 1950లో నిరూపించాడు. మన వంటకు ముగ్గురు చాలు అన్నమాట. వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లు కలిసి పనిచేసేటప్పుడు ఏ సంఘటన ముందు, ఏది తర్వాత అని తేల్చడానికి కంప్యూటర్ శాస్త్రవేత్త లాంపోర్ట్ 1978లో వాడింది కూడా పాక్షిక క్రమమే. అంటే బంధువులు చెప్పే కంప్యూటర్ లోకానికి ఇది పరాయి విషయం కాదు.

ఇక మీ అమ్మాయిని ఇది ఎందుకు పట్టేసి ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే మీ నిర్ణయానికి అదే ముఖ్యం. ఒక త్రిభుజం తీసుకోండి. మూలలు చుక్కలు, భుజాలు గీతలు. గీత కలిసిన రెండు చుక్కలకు ఒకే రంగు రాకుండా వేయాలి. చేతిలో ఎన్ని రంగులుంటే ఆ సంఖ్యను, దానికన్నా ఒకటి తక్కువను, రెండు తక్కువను గుణిస్తే ఎన్ని విధాలుగా వేయవచ్చో వస్తుంది. రంగుల సంఖ్య చోట మైనస్ ఒకటి పెట్టి చూడండి: మైనస్ 6 వస్తుంది. మైనస్ ఒకటి రంగులేమిటి, అర్థం లేదు కదా! ఇప్పుడు అదే త్రిభుజం గీతలను బాణాలుగా మార్చండి. 8 విధాలుగా మార్చవచ్చు. వాటిలో రెండు మాత్రం గుండ్రంగా తిరిగి మొదటికే వస్తాయి, మిగిలిన 6 పోసెట్లు ఇస్తాయి. మైనస్ గుర్తు పక్కన పెడితే ఆ 6, ఈ 6 ఒకటే. ఏ గ్రాఫుకైనా ఇలాగే జరుగుతుందని గణితవేత్త రిచర్డ్ స్టాన్లీ 1973లో నిరూపించాడు. చతురస్రానికి రెండు వైపుల నుంచీ 14 వస్తుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ గుణకారాన్ని విప్పి రాస్తే, ప్లస్, మైనస్ గుర్తులు పక్కన పెడితే, త్రిభుజానికి 1, 3, 2 వస్తాయి. చతురస్రానికి 1, 4, 6, 3. ఈ సంఖ్యలు గ్రాఫులోంచి కట్టే మరో పోసెట్‌లో దాగి ఉన్నాయని రోటా 1964లో రాసిన వ్యాసం నుంచి తెలుస్తుంది. పైకి ఎక్కి కిందికి దిగే ఈ తీరు ఎప్పుడూ తప్పదేమోనని రొనాల్డ్ రీడ్ 1968లో అనుమానించాడు. నలభై ఏళ్లకు పైగా తెగని ఆ ప్రశ్నను జూన్ హూ తేల్చాడు. 2022లో ఆయనకు గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ రావడానికి ఈ దారిలో చేసిన పనే కారణం. ఈయన కొరియాలో బడి మధ్యలో మానేసి కవిని అవుదామనుకున్న కుర్రాడు.

మన దగ్గరా ఈ ఊట ఉంది. పోసెట్లలోనే ఒక రకాన్ని లాటిస్‌లు అంటారు, వాటి మీద విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి గట్టి పని జరిగింది. యు.ఎం. స్వామి, జి.సి. రావు 1981లో ప్రచురించిన 'ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్' భావన మీద తర్వాత ఎంతోమంది పీహెచ్‌డీలు చేశారు.

కాబట్టి అంశం మంచిదే. నా భయం వేరే చోట ఉంది, అది దాచకుండా చెబుతాను. గ్రాఫుల పరిశోధనలో మన దగ్గర ఒక జబ్బు ఉంది. కొత్త సంఖ్యకు ఒక పేరు పెట్టడం, నాలుగు రకాల గ్రాఫులకు దాన్ని లెక్కగట్టడం, డబ్బు కట్టి అచ్చు వేయించుకోవడం. వెడల్పు మనకు ఎంతమంది మనుషులు కావాలో చెప్పింది. స్టాన్లీ చూపిన 6 రంగులకూ బాణాలకూ ఉన్న చుట్టరికం చెప్పింది. మీ అమ్మాయి ప్రాజెక్టులో వచ్చే సంఖ్య ఏం చెబుతుంది? ఈ ప్రశ్న తననే వాళ్ల గైడును అడగమనండి. ఆయన కాసేపు కూర్చుని ఒక ఉదాహరణ వేసి చూపిస్తే ధైర్యంగా ముందుకెళ్లండి. 'పేపర్లు వస్తాయి' అనేదొక్కటే జవాబైతే పీహెచ్‌డీకి వేరే గైడును వెతుక్కోవాలి. అంశం కన్నా గైడు ముఖ్యం. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఎక్కడ చేరాలి? చెన్నైలో సీఎంఐ (చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), ఐఎంఎస్సీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేథమెటికల్ సైన్సెస్), బెంగళూరులో ఐఐఎస్సీ, ముంబయి ఐఐటీ, ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) కేంద్రాలు చూడండి. అక్కడి అధ్యాపకుల పేజీల్లో కాంబినటోరిక్స్ (ఇలాంటి లెక్కింపుల గణితం) అని రాసుకున్నవాళ్లెవరో, ఈమధ్య ఏం రాశారో అమ్మాయే చదివి జాబితా చేసుకోవాలి. డబ్బు సంగతికొస్తే, సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం విడిగా. ఎన్‌బీహెచ్‌ఎం (నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మేథమెటిక్స్) పరీక్ష, గేట్ గణితం పేపరు కూడా రాయాలి. ఒక హెచ్చరిక: ఈ పరీక్షల్లో మార్కులు తెచ్చేవి రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ఆల్జీబ్రా. ప్రాజెక్టు మోజులో పడి వాటిని వదిలేసి జేఆర్‌ఎఫ్ పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. పొద్దున రెండు గంటలు నెట్‌కి, సాయంత్రం పోసెట్లకి అని గీత గీసుకోమనండి. డిగ్రీ కాలేజీ ఉద్యోగానికి నెట్ గానీ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష ఏపీసెట్ గానీ కావలసి రావచ్చు.

డేటా సైన్స్ కోర్సుకి లక్షలు కట్టకండి. సేజ్‌మేథ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది పైథాన్ భాషలోనే నడుస్తుంది. గ్రాఫులు, పోసెట్లు, రంగుల లెక్కలు అన్నీ అందులో ఉన్నాయి. అయిదు, ఆరు చుక్కల గ్రాఫులన్నిటికీ తన సంఖ్యను అందులో లెక్కించమనండి. ఆ పనిలోనే పైథాన్ వస్తుంది. రేపు పరిశోధన వద్దనుకుంటే ప్రోగ్రామింగ్, ఆప్టిమైజేషన్ వైపు తిరగడానికి అదే పెట్టుబడి.

యూనివర్సిటీల్లో గణితం పోస్టులు తక్కువ, ఖాళీలు నింపడం ఆలస్యం. పీహెచ్‌డీ అయ్యాక రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో) వేరే ఊళ్లో, వేరే దేశంలో గడపాల్సి రావచ్చు. ఈ విషయం ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, పెళ్లి మాటతో సహా. చివరి నిమిషంలో ఆ మాట ఎత్తితే నష్టపోయేది అమ్మాయే.

ఈ ఆదివారం ఒక కాగితం మీద చతురస్రం గీసి, దీనికి 14 ఎలా వచ్చిందో చెప్పమ్మా అని అడగండి. తను చెబుతున్నంతసేపూ లెక్క వైపు కాదు, తన ముఖం వైపు చూడండి. ఆ తర్వాత మళ్లీ నాకు రాయండి.