పీలికల తివాచీ నేయబోయే తమ్ముడికి

తమ్ముడూ,

ఉద్యోగం నుంచి బయటపడ్డాక చేతికి ఏదైనా పని కావాలనీ, పాత గుడ్డల పీలికలతో తివాచీలు నేయాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం వేసింది. మగ్గం కొనకముందే అడిగావు, అది ఇంకా మంచిదైంది. ఈ పనిలో సగానికి పైగా మంచీచెడూ మొదటి పీలిక దూర్చకముందే తేలిపోతాయి.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకో. మనం నేసేది గోడకి తగిలించే వస్తువు కాదు, కాళ్ళ కింద వేసేది. దాని మీద నడుస్తారు, కుర్చీలు లాగుతారు, దులుపుతారు, ఉతుకుతారు. దానికి గట్టిదనమే ప్రాణం. మగ్గం ఎంచుకోవడం దగ్గర్నుంచి చివరి ముడి వేయడం దాకా ఏ సందేహం వచ్చినా, దీనివల్ల నేత బిగుస్తుందా, వదులవుతుందా అని చూసుకో. జవాబు అందులోనే దొరుకుతుంది. రంగులూ చారలూ ఆ తర్వాత.

మగ్గం బరువైనదే వెతుకు. పీలికని దట్టించాలంటే పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే పోగులు, బాగా బిగువుగా ఉండాలి, పన్నె చట్రంతో, అంటే ఆ పోగుల్ని విడదీసి పట్టే దువ్వెన లాంటి చట్రంతో, బలంగా కొట్టాలి. తేలిక మగ్గం ఆ దెబ్బలకి నేల మీద జరుగుతూ పోతుంది, కొన్నాళ్ళకి కీళ్ళు కదిలిపోతాయి. సాదా నేతకి పోగులు దూర్చే కన్నుల చట్రాలు రెండు చాలు. ఒకటి సరి పోగుల్ని, ఇంకోటి బేసి పోగుల్ని నడుపుతుంది. నాలుగు చట్రాలున్నది దొరికితే తర్వాత ఏటవాలు నేత కూడా చేసుకోవచ్చు, దాని కోసం ఆగక్కర్లేదు. వెడల్పు 36 నుంచి 45 అంగుళాల మధ్య ఉంటే ఇంట్లో వాడే తివాచీలన్నీ వచ్చేస్తాయి. అంతకంటే వెడల్పు మగ్గం మీద, పీలికని చుట్టి పోగుల మధ్య అడ్డంగా తోసే నాడె అందుకోవడానికి ప్రతిసారీ ఒరగాల్సి వస్తుంది, ఈ వయసులో భుజాలకి అది మంచిది కాదు.

మగ్గాల్లో మూడు రకాల పేర్లు వింటావు. కౌంటర్‌బ్యాలెన్స్ రకంలో ఒక చట్రం దిగితే దాని జోడు పైకి లేస్తుంది. పై పోగులూ కింది పోగులూ ఒకే బిగువులో ఉంటాయి, అందుకే తివాచీకి నాకు అదే ఇష్టం. జాక్ రకంలో చట్రాలు పైకి మాత్రమే లేస్తాయి, పడుగు మరీ బిగిస్తే పోగుల మధ్య సందు సరిగా తెరుచుకోదు. కౌంటర్‌మార్చ్ రకం ఎంత బిగువైనా తట్టుకుంటుంది, కాకపోతే తాళ్ళు కట్టేటప్పుడు మగ్గం కిందకి దూరి కూర్చోవాలి. నీ మోకాళ్ళ సంగతి తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. ఇంకో విషయం: పన్నె చట్రం పైనుంచి వేలాడేలా ఉన్న మగ్గం దొరికితే వదలకు. దాని బరువే దెబ్బకి సాయం చేస్తుంది, నీ భుజం మీద భారం తగ్గుతుంది.

పాత మగ్గమైనా ఫరవాలేదు, చూసి తీసుకోవాలి. పన్నె పళ్ళకి తుప్పు పట్టి గరుకెక్కితే పోగుల్ని కోసేస్తుంది. దోనెల్ని, అంటే పడుగూ నేసిన బట్టా చుట్టుకునే దూలాల్ని, ఆపే పళ్ళచక్రం జారకూడదు. రెండు దోనెలూ వంపు లేకుండా, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో టేపు పెట్టి రెండు పక్కలా కొలువు. దోనె వంకరైతే ఎంత నేర్పున్నా తివాచీ ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి అవుతుంది.

ఇక పడుగు. ఇందులో ఆదా చేయొద్దు. సన్నదారం అందంగా కనిపించినా కాళ్ళ రాపిడికి తట్టుకోదు. పడుగుకి 8/4 నూలు బాగుంటుంది, అంటే 8వ నంబరు నూలు నాలుగు పేటలు కలిపి మెలిపెట్టినది. అంగుళానికి 12 పోగులు పెట్టుకో. ఒక లెక్క వేసి చూపిస్తాను. 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవున్న తివాచీలు రెండు కావాలనుకో. నేసేటప్పుడు వెడల్పు లోపలికి లాగుకుంటుంది కాబట్టి పన్నెలో 32 అంగుళాలు పరచాలి. అంటే 384 పోగులు. పొడవులో పోగు పీలికల మీదుగా ఎక్కి దిగుతూ పోతుంది కనుక పదో వంతు అదనం, 6 అంగుళాలు. కుచ్చులకి మరో 12 వేసుకుంటే ఒక్కో తివాచీకి 78, రెండింటికి 156. మగ్గానికి కట్టే చోట చివర్లో నేయలేక మిగిలిపోయే ముక్క 30 అంగుళాలు. మొత్తం 186, అంటే పదహారు అడుగులకి కాస్త తక్కువ. దారం సుమారు 600 గ్రాములు పడుతుంది. చిన్న పడుగు మీద ఒకటే నేసినా ఆ 30 అంగుళాలు పోవాల్సిందే, అందుకే ఒకేసారి రెండు మూడు తివాచీలకి ఆసు పోయడం, అంటే పడుగు పోగుల్ని కొలిచి వరసగా సిద్ధం చేయడం, లాభం.

ఆసు పోసేటప్పుడు పోగులు ఒకటి పైకి, ఒకటి కిందకి కత్తెరలా దాటే చోటు ఉంటుంది చూడు, దాన్ని తాడుతో కట్టేదాకా అక్కణ్ణుంచి కదలకు. పోగుల వరస అంతా అందులోనే నిలుస్తుంది. దోనెకి చుట్టేటప్పుడు ఎవరినైనా పిలిచి పడుగు అవతలి కొస బిగించి పట్టుకోమను. చుట్టుకీ చుట్టుకీ మధ్య మందపాటి కాగితం వేయి, లేకపోతే పై పోగులు కింది పొరల్లోకి దిగబడి కొన్ని వదులు, కొన్ని బిగువు అవుతాయి. వదులైన పోగు దగ్గర నేత ఉబ్బుతుంది, దాన్ని తర్వాత ఏ దెబ్బా సరిచేయదు. కన్నుల్లో పోగులు దూర్చేటప్పుడు వెనక తెల్లకాగితం పెట్టుకుంటే కళ్ళకి శ్రమ ఉండదు. ఆ పని ఒక్కరోజులో ముగించాలని కూర్చోకు. అంచున రెండేసి పోగుల్ని జంటగా వేయి, రాపిడంతా అక్కడే.

పీలికలకి పాత దుప్పట్లు, చొక్కాలు, జీన్సు అన్నీ పనికొస్తాయి. స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో ఇలాంటి తివాచీలు 19వ శతాబ్దం నుంచి ఇళ్ళలో పరుచుకుంటున్నారు. పత్తి పండని ఉత్తర జపాన్‌లో అరిగిన నూలుబట్టని చించి మళ్ళీ బట్టగా నేసి కట్టుకునేవాళ్ళు, దాన్ని సకియోరి అంటారు. వాళ్ళకి గుడ్డ విలువ తెలుసు. నీ ఆఫీసు చొక్కాలు బీరువా నిండా ఉన్నాయన్నావుగా, వాటితోనే మొదలుపెట్టు. కాలరు, కుట్లు, గుండీల పట్టీ తీసెయ్యి. వీపు భాగం, చేతులు మంచి ముక్కలు. ఒక తివాచీలో ఒకే తరహా గుడ్డ వాడు. నూలుతో పాటు సాగే బనీను గుడ్డ కలిపితే ఉతికాక ఒకచోట ముడుచుకుని, ఇంకోచోట సాగి అలలు అలలుగా అవుతుంది. కొత్త గుడ్డయినా, రంగు పోతుందేమో అనిపించినదైనా ముందు ఉతికి ఆరబెట్టాకే చించు.

పీలిక వెడల్పు గుడ్డని బట్టి ఉంటుంది. చొక్కా, దుప్పటి గుడ్డకి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు, జీన్సుకి ముప్పావు నుంచి ఒక అంగుళం, పల్చటి గుడ్డకి ఇంకా వెడల్పు. అన్నిటికీ ఒకటే పరీక్ష: పీలికని వేళ్ళ మధ్య గట్టిగా మెలిపెడితే అన్నీ ఒకే లావు రావాలి, సుమారు పెన్సిలంత. లావులు తేడా వస్తే నేత గట్లు గట్లుగా ఉంటుంది, ఎత్తుగా ఉన్న చోట ముందుగా అరుగుతుంది. చేత్తో చించితే పీలిక పోగు వెంట తిన్నగా వస్తుంది, కానీ నూగు బాగా లేస్తుంది. ఆరుబయట కూర్చుని, ముక్కుకి మాస్కు కట్టుకుని చించు. ఊపిరితిత్తుల విషయంలో అలక్ష్యం వద్దు.

తాడు లాగితే అటూ ఇటూ పరుగెత్తే ఎగిరే నాడెని జాన్ కే 1733లో తెచ్చాడు, బట్టల నేతకి అది పెద్ద వరం. మన పీలికలకి మాత్రం పనికిరాదు, ఇంత లావు పేక, అంటే అడ్డంగా వేసే పీలిక, అందులో పట్టదు. చెక్కతో చేసిన పొడవాటి పీలికల నాడె కావాలి. దాని మీద మరీ ఎక్కువ చుట్టకు, సందులోంచి దూరదు.

ఇప్పుడు నేత. ఇక్కడ తొందర అసలు వద్దు. మొదట పడుగు దారంతోనే ముప్పావు అంగుళం మేర దట్టంగా నేసి, అప్పుడు పీలిక అందుకో. నాడె తోసినప్పుడు పీలికని సందులో తిన్నగా బిగించి లాగకు. కాస్త ఏటవాలుగా, మధ్యలో కొండలా లేచేలా వదులు. దెబ్బ పడ్డాక ఆ అదనపు పొడవు పోగుల కిందా మీదా వంగడానికి సరిపోతుంది. తిన్నగా లాగితే ఆ పొడవు అంచుల నుంచి గుంజుకుంటుంది. వెడల్పు తగ్గుతుంది, అంచు పోగులు పన్నె పళ్ళకి ఒరుసుకుని తెగుతాయి. అంచు పోగులు తెగుతున్నాయని దారాన్ని తిట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను, కారణం మాత్రం దాదాపు ఎప్పుడూ ఇదే. రెండు కొసల్లో ముళ్ళున్న సాగదీత బద్ద ఒకటి వస్తుంది, దాన్ని నేసిన భాగానికి అడ్డంగా గుచ్చి వెడల్పు నిలుపుకో. అంగుళం రెండంగుళాలు నేసినప్పుడల్లా ముందుకి జరుపు. మొదట్లో విసుగనిపిస్తుంది. అయినా మానకు.

దెబ్బ ఇలా వేయాలి. సందు తెరిచి ఉండగా ఒకసారి కొట్టు. తొక్కుడు చెక్క మార్చి, సందు మారాక మళ్ళీ కొట్టు, ఈసారి ఇంకా గట్టిగా. చట్రాన్ని సరిగ్గా మధ్యలో పట్టుకోవాలి, ఒక పక్క పట్టుకుంటే ఆ పక్కే బిగుస్తుంది. కొద్దిగా నేశాక పడుగు వదులు చేసి వెనకనుంచి వెలుతురు చూడు. పీలికల మధ్య వెలుగు కనిపిస్తే ఇంకా గట్టిగా కొట్టాలి. పీలికల మధ్యకి వేలు దూరకూడదు. పీలిక అయిపోయినచోట రెండు కొసల్నీ ఏటవాలుగా సన్నగా కత్తిరించి, మూడు అంగుళాల మేర ఒకదాని మీద ఒకటి పడేలా ఒకే సందులో పెట్టు. ముడులు వేస్తే కాలికి తగులుతాయి. పోగు తెగితే కంగారు లేదు, కొత్త పోగు దూర్చి నేసిన భాగంలో గుండుసూదికి చుట్టి సాగిపో; కొస తర్వాత సూదితో లోపలికి దూర్చవచ్చు. లేచి వెళ్ళేటప్పుడు పడుగు బిగువు కొద్దిగా వదిలెయ్యి.

రంగుల గురించి నీకు చెప్పాల్సింది తక్కువే, నీ కన్ను మంచిది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, పడుగు రంగు అంతటా కనిపిస్తుంది. నల్ల పడుగు రంగుల్ని లోతు చేస్తుంది, తెల్లది పల్చబరుస్తుంది. రెండు కొసలా ఒకేలా చారలు రావాలంటే నేయకముందే ఆ రంగు పీలికల్ని తూకం వేసి సగం తీసి దాచు. ఒక అడుగు నేశాక ఎంత గుడ్డ పట్టిందో తూచి చూస్తే మిగతాదానికి సరిపోతుందో లేదో ముందే తెలుస్తుంది.

కూర్చునే బల్ల ఎత్తు సరిచూసుకో. కూర్చుంటే మోచేతులు మగ్గం ముందు దూలం కంటే కొంచెం పైన ఉండాలి, పాదాలు చెక్కల్ని హాయిగా అందుకోవాలి. అరగంటకి మించి ఏకబిగిన నేయకు. లేచి నాలుగడుగులు వేసి, నడుం వెనక్కి వంచి మళ్ళీ కూర్చో. దెబ్బ భుజంతో కాకుండా నడుం నుంచి కాస్త వెనక్కి ఊగుతూ వేయాలి. మణికట్టు నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపెయ్యి, నొప్పి మీద నేసినచోట దెబ్బ తేలిపోయి వదులవుతుంది.

నేత చివర కూడా దారంతో ముప్పావు అంగుళం దట్టించి, కత్తిరించాక నాలుగేసి పోగులు కలిపి నేతకి ఆనించి ముడి వెయ్యి. ముడి ఆననిచోట నుంచే పీలికలు జారడం మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పొడవు కుచ్చులు వద్దు, అంచు మడిచి కుట్టెయ్యి, కాలికి చిక్కుకోదు. నున్నని నేల మీద పీలికల తివాచీ జారుతుంది. కింద రబ్బరు వల తప్పకుండా వేయాలి, మెట్ల మొదట్లో మాత్రం అసలు వేయొద్దు. ఉతికాక తాడు మీద మడిచి వేలాడదీస్తే నీళ్ళ బరువుకి సాగుతుంది, పరిచి ఆరబెట్టు.

మొదటిది దించాక, మగ్గం మీద ఉన్నప్పటి వెడల్పూ, దించాకటి వెడల్పూ, మొదట్లో, మధ్యలో, చివర్లో కొలిచి నాకు రాయి. ఆ అంకెలు చూస్తే ఎక్కడ లాగుతున్నావో ఇక్కణ్ణుంచే చెప్పగలను. పాత మగ్గం చూడ్డానికి వెళ్ళే రోజు ఖాయమైతే కూడా ముందే చెప్పు, పన్నె, దోనెలు చూడ్డానికి నేనూ వస్తాను.

నీ అక్క