ప్లాస్టిక్ ఎలా పారితే మనకేంటి అనుకోకండి

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడ దగ్గర సూరంపల్లిలోని కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థ సీపెట్‌లో ప్లాస్టిక్స్ టెక్నాలజీ డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నాడు. పాలీప్రొపిలీన్‌లో పాలిథిన్ కలిపి కరిగిస్తే ఎలా పారుతుందో చూడటం వాడి ప్రాజెక్టు. దీంతో ఉద్యోగం వస్తుందా? ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ప్రాజెక్టు మాన్పించకండి. మెషిన్ నడిపేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. సరుకు ఎందుకు పాడైందో చెప్పగలిగేవాళ్లకే కొరత.

బకెట్లు, కుర్చీలు పోసే యూనిట్‌నే తీసుకోండి. రెండు బస్తాల మీదా ఎంఎఫ్ఐ (కరిగిన మాలు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె) ఒకటే ఉంటుంది. అయినా ఒక బస్తా మాలు అచ్చు నిండకముందే ఆగిపోతుంది, ఇంకోటి అచ్చు అంచుల్లోంచి పొంగి ఫ్లాష్ కడుతుంది. కారణముంది. పాలీప్రొపిలీన్‌కు ఎంఎఫ్ఐ అంటే 230 డిగ్రీల దగ్గర 2.16 కిలోల బరువు పెడితే 10 నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారిందన్న లెక్క. అది చాలా నెమ్మది పరీక్ష. ఇంజెక్షన్ మెషిన్ అదే మాలును అచ్చులోకి వెళ్లే సన్నటి దారి (గేటు)లోంచి ఎన్నో రెట్ల వేగంతో తోస్తుంది. గట్టిగా తోసేకొద్దీ కరిగిన ప్లాస్టిక్ పలచబడుతుంది, కానీ అన్నీ ఒకేలా పలచబడవు.

రెండు రకాలు కలిపితే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ నిజంగా కలవవు. ఒకటి రెండోదాంట్లో బొట్లుగా ఉండిపోతుంది. అందుకే రెండింటి చిక్కదనానికి సగటు తీసి మిశ్రమం సంగతి చెప్పలేం. పైగా బొట్టు చిక్కదనం చుట్టూ ఉన్నదానికంటే సుమారు నాలుగు రెట్లు దాటితే మామూలు కోతబలానికి (పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా లాగే బలానికి) అది విరగదు. పెద్ద బొట్లు మిగిలిన ముక్క పొరలుగా లేస్తుంది, చిన్న దెబ్బకే పగులుతుంది. రీసైకిల్ మాలు కలిపే ప్రతి యూనిట్‌కూ ఉన్న తలనొప్పే ఇది.

కాబట్టి ఎంఎఫ్ఐతో సరిపెట్టుకోకుండా కేపిలరీ రియోమీటర్ (కరిగిన మాలును సన్నటి గొట్టంలోంచి రకరకాల వేగాల్లో తోసి చిక్కదనం కొలిచే యంత్రం) మీద రెండు మూడు ఉష్ణోగ్రతల్లో రీడింగులు తీయమనండి. అదే మిశ్రమంతో ముక్కలు పోసి ఇంపాక్ట్ టెస్ట్ (దెబ్బకు ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష) కూడా చేయాలి. ఇంటర్వ్యూలో ఆ రీడింగుల గ్రాఫ్ ముందు పెట్టి ఫలానా ముక్క ఎందుకు పగిలిందో చెప్పగలిగితే, మార్కుల కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ మీద మోజుంటే మోల్డ్ ఫ్లో సిమ్యులేషన్ (అచ్చులో మాలు ఎలా పారుతుందో కంప్యూటర్ మీద ముందే చూడటం) నేర్చుకోమనండి. దానికీ విస్కాసిటీ (చిక్కదనం) లెక్కలే ముడిసరుకు.

మొదట్లో జీతం గొప్పగా ఉండదు, షిఫ్టులు తప్పవు, హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లాల్సి రావచ్చు. ఈ మాట ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. ఒకవేళ లేటరల్ ఎంట్రీలో బీటెక్ చేయిద్దామనుకుంటే, ఈ డిప్లొమాను ఏ బ్రాంచికి ఒప్పుకుంటారో కాలేజీలో ముందే అడిగి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.