ఆ కుర్చీ దగ్గర ఆగు

తమ్ముడూ,

నువ్వు పంపిన ‘జంజీర్’ వ్యాసం చదివాను. 1973 హిందీ సినిమా, 2013 రీమేక్ రెండూ వరసపెట్టి చూసి రాశావని తెలుస్తూనే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇది ఉంది, అది లేదు అంటూ కిరాణా చీటీకి టిక్కులు పెట్టినట్టు పెట్టుకుంటూ పోయి, చివర్లో ‘పాతదాని మ్యాజిక్ మిస్సయింది’ అని తేల్చేశావు. నా మొదటి రివ్యూలో నేనూ అలాంటి వాక్యమే రాశాను. ఎడిటర్ గారు దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన ‘ఎక్కడ?’ అని రాసి తిప్పి పంపారు. చాలా రోజులు ఆయనంటే మండిపోయేది.

ఆ ‘ఎక్కడ?’ కోసం పోలీస్ స్టేషన్ సీను ఒక్కటి తీసుకో. జూదం అడ్డాలు నడిపే షేర్ ఖాన్, తర్వాత హీరోకి ప్రాణస్నేహితుడయ్యేవాడు, కూర్చోబోతుంటే ఇన్‌స్పెక్టర్ విజయ్ కుర్చీని ఒక్క తన్ను తంతాడు. రీమేక్‌లోనూ ఆ తన్ను ఉంది కాబట్టి ‘సేమ్ సీన్’ అని దాటేశావు. సేమ్ కాదు. 1973లో తన్నింది వరస ఫ్లాపుల్లో ఉన్న అమితాబ్. చాలామంది హీరోలు వద్దన్నాక ఆ కథ ఆయన దాకా వచ్చింది. కుర్చీ పోయింది ప్రాణ్‌కి, ఏళ్ల తరబడి తెరమీద అందరినీ హడలెత్తించిన విలన్‌కి. ‘ఎవడ్రా వీడు, ప్రాణ్ కుర్చీనే తన్నాడు!’ అని హాలు ఉలిక్కిపడాలి. ఆ బలం సగం సీన్లో ఉంది, సగం చూసేవాళ్ల బుర్రలో ఉంది. 2013లో రామ్‌చరణ్‌కి అది మొదటి హిందీ సినిమా, ఎదురుగా సంజయ్ దత్. ఆ ఉలికిపాటుకి అన్నీ కుదిరాయి. సినిమా మాత్రం అతన్ని అప్పటికే గెలిచేసిన స్టార్‌లా చూసింది. ఇక తన్నుకి విలువేముంది?

మన దగ్గర లెక్క ఇంకోలా తిరిగింది. 1974లో అదే కథతో ‘నిప్పులాంటి మనిషి’ చేసేనాటికి ఎన్టీఆర్ ఎన్టీఆరే. ఆయన ఎవణ్ని నిలబెట్టి మాట్లాడినా మనకు వింత కాదు. అందుకే నాకు ఆ సినిమా షేర్ ఖాన్ వేషం వేసిన సత్యనారాయణ వైపు ఒరిగినట్టు కనిపిస్తుంది. ‘స్నేహమే నా జీవితం’ ఇప్పటికీ నోట్లో ఆడుతోందంటే అది ఆయన పాట. తమిళంలో అయితే రెండు వేషాలూ ఎంజీఆరే వేసుకున్నారు, గొడవే లేదు! 2013 రీమేక్ తెలుగు రూపం ‘తూఫాన్’లో శ్రీహరి షేర్ ఖాన్. ‘మగధీర’లో అదే పేరుతో, అదే రామ్‌చరణ్ ఎదుట ఆయన్ని చూసేసిన జనానికి ఈ స్నేహం సగం పాతదే. ఇది నీ వ్యాసంలో లేదు. తెలుగువాడివై ఉండి ఎలా వదిలేశావు?

హీరోయిన్ మాల గురించి నువ్వు రాసింది రెండు లైన్లు. అసలు నష్టం అక్కడుంది. పాత సినిమాలో ఆమె వీధుల్లో కత్తులకు సాన పట్టే మనిషి. పిల్లల్ని చంపిన లారీని కళ్లారా చూసింది, డబ్బు తీసుకుని నోరు మూసుకుంది. విజయ్ ఆమెని మార్చురీకి తీసుకెళ్లి ఆ పిల్లల శవాలు చూపిస్తాడు. అప్పుడు తెరుచుకుంటుంది ఆ నోరు. రీమేక్‌లో మాల పెళ్లికని న్యూయార్క్ నుంచి వచ్చి హత్య చూస్తుంది. ఆమె ఏ పాపమూ చేయలేదు, ఆమెని కాపాడాలి, అంతే. సాక్షి మిగిలింది, ఆ సాక్షికి ఉన్న సిగ్గు పోయింది. హీరో కోపానికి కథలో ఆనేచోటు కూడా దానితోనే పోయింది.

ఆయిల్ మాఫియాని తీసుకురావడం మంచి ఆలోచనే, దాన్ని నువ్వు ఊరికే తిట్టావు. కాలానికి తగ్గట్టు విలన్ వ్యాపారం మారితే తప్పేంటి?

బాక్సాఫీస్ పేరా తీసేయ్. కుర్చీ, మార్చురీ, ఈ రెండింటి దగ్గరే కూర్చుని మళ్లీ రాసి పంపు. ప్రాణ్ ఎర్రగడ్డం గురించి రాసిన వాక్యం మాత్రం ముట్టుకోకు, చదువుతూ గట్టిగా నవ్వాను.

మీ అన్నయ్య