రిబ్బన్ బొమ్మలో ఎంజైమ్ పని ఎక్కడ కనిపిస్తుంది: మా బాబాయి మాత్రలు, నా 504 గోల

మీరు అడిగింది ఇదీ: ఎం.ఎస్సీ సెమినార్‌కి ఏఎల్‌డీహెచ్2 (ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ 2) అనే మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారయ్యే చోటు) ఎంజైమ్ ఇచ్చారు, స్క్రీన్ మీద రంగురంగుల రిబ్బన్లని (ప్రోటీన్ గొలుసుని అలా గీస్తారు) ఎంత తిప్పి చూసినా అది పని చేసే తీరు మాత్రం తలకెక్కడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. చెన్నైలో గిండీ వైపు ఒక ల్యాబ్‌లో ఏడాది పాటు ఈ ఎంజైమ్‌కి బ్యాక్టీరియాలో ఉండే చుట్టంతో కుస్తీ పట్టినదాన్నే నేను. ఇప్పుడు పెరుంగుడిలో డేటా ఉద్యోగం, కానీ లాప్‌టాప్‌లో పైమాల్ (ప్రోటీన్ బొమ్మలు చూసే సాఫ్ట్‌వేర్) మాత్రం ఇంకా తీసెయ్యలేదు.

ముందు రిబ్బన్లు పక్కన పెట్టండి, మా బాబాయి సంగతి వినండి. అంబత్తూరులో లేత్ పని చేసేవాడు, మందు అలవాటు బాగా ముదిరింది. డాక్టరు అన్నీ విడమరిచి చెప్పి, ఆయన సరేనన్నాకే, మందు తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రలు రాశారు. వడపళనిలో మా అక్క పెళ్లి, దానికి నాలుగు రోజుల ముందు మాత్ర ఆపేశాడు. "నాలుగు రోజులైంది కదే, ఒంట్లోంచి ఎప్పుడో పోయుంటుంది" అని నాతోనే అన్నాడు, నేనూ నిజమే కాబోలు అనుకున్నాను. రెండు పెగ్గులు పడ్డాయో లేదో, పావుగంటలో ముఖం, మెడ కందగడ్డలా ఎర్రబడ్డాయి, గుండె దడ, వాంతులు, పట్టు చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరమ్మ మమ్మల్నందర్నీ కలిపి చీవాట్లు పెట్టింది, ఆఖరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల దాకా చుక్క ముట్టకూడదని ముందే చెప్పలేదా అని.

రెండు వారాలెందుకు? దీనికి జవాబు మీ స్ట్రక్చర్‌లోనే ఉంది.

తాగిన ఆల్కహాల్‌ని కాలేయం ముందు అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది విషం, ముఖం ఎర్రబడేదీ వాంతులయ్యేదీ దానివల్లే. మైటోకాండ్రియాలో కూర్చున్న ఏఎల్‌డీహెచ్2 దాన్ని పట్టుకుని అసిటేట్ చేస్తుంది, అంటే మన వెనిగర్‌లో ఉండే సరుకే. ఇప్పుడు 1సీడబ్ల్యూ3 తెరవండి, ప్రోటీన్ స్ట్రక్చర్లు దాచే పీడీబీ అనే డేటాబేస్‌లో మనిషి ఏఎల్‌డీహెచ్2 స్ట్రక్చర్ నంబరు అది. ఒక్క సబ్‌యూనిట్ (ఎంజైమ్‌లోని ఒక గొలుసు) తప్ప మిగతావన్నీ దాచేసి, 302వ సిస్టీన్ (ఆ గొలుసులో గంధకం ఉన్న ఒక అమైనో ఆమ్లం) ఒక్కటే పసుపు రంగులో పెట్టుకోండి. అది ఒక సొరంగం అడుగున ఉంటుంది. అసిటాల్డిహైడ్ ఆ సొరంగంలోంచి దిగుతుంది, ఎన్ఏడీ (ఎంజైమ్ పనికి తోడుండే సహాయక అణువు) అటువైపు గాడిలోంచి వస్తుంది, ఇద్దరికీ మధ్యలో ఈ సిస్టీన్. దాని గంధకం వెళ్లి ఆల్డిహైడ్ కార్బన్‌ని పట్టుకుంటుంది, అక్కడి హైడ్రైడ్ (రెండు ఎలక్ట్రాన్లతో కదిలే హైడ్రోజన్) ఎన్ఏడీకి పోతుంది, తర్వాత 268వ గ్లుటమేట్ (ఇంకో అమైనో ఆమ్లం) ఒక నీటి అణువుని సిద్ధం చేసి మీదికి పంపితే అసిటేట్ విడిపోతుంది. అయితే ఆ నీటికి చోటు కావాలి కదా, అందుకని హైడ్రైడ్ తీసుకున్న ఎన్ఏడీ తన నికోటినమైడ్ సగాన్ని పక్కకి వాలుస్తుంది. సిటీ బస్సులో దిగేవాళ్లకి దారిస్తూ మెట్టు మీదవాడు ఓ పక్కకి ఒరిగినట్టన్నమాట. నాకు ఈ ఎంజైమ్‌లో బాగా నచ్చినది ఇదే.

డైసల్ఫిరామ్ ఒంట్లోకి వెళ్లాక మారి పుట్టే పదార్థాలు సరిగ్గా ఆ 302 గంధకానికే అంటుకుంటాయి, అంటుకున్నాక వదలవు. మాత్ర రక్తంలోంచి పోయిందా లేదా అన్నది కాదు లెక్క, శరీరం మళ్లీ కొత్త ఎంజైమ్ తయారు చేసుకోవాలి. బాబాయి లెక్క తప్పింది అక్కడే. (మధ్యలో ఒక మాట. కొన్ని ఇళ్లలో ఈ మాత్రని తెలియకుండా సాంబార్లో కలిపి పెడతారని విన్నాను. దయచేసి ఎవరూ అలా చేయకండి, తెలియక తాగినవాడి ప్రాణం మీదికి రావచ్చు.)

ఇప్పుడు నా పరువు పోయిన కథ. ల్యాబ్ మీటింగ్‌లో మేడమ్ "ఆ 504 మ్యుటేషన్ ఎక్కడుందో స్ట్రక్చర్‌లో చూపించు" అంది. తూర్పు ఆసియా దేశాల్లో సుమారు మూడోవంతు మందికి ఉండే తేడా అది, గొలుసులో 504వ చోట గ్లుటమేట్ ఉండాల్సింది పోయి లైసిన్ అనే వేరే అమైనో ఆమ్లం వస్తుంది, అందుకే వాళ్లలో చాలామందికి ఒక్క బీరుకే ముఖం ఎర్రబడుతుంది. మనవాళ్లలో అరుదు. నేను రెండు రోజులు వెతికాను, 504 లేదు. గొలుసు 500తో అయిపోతోంది! ఫైల్ పాడైందేమోనని మూడుసార్లు డౌన్‌లోడ్ చేశాను, సాఫ్ట్‌వేర్ మార్చాను, చివరికి పక్క బెంచీ సీనియర్‌ని అడిగితే పడీ పడీ నవ్వాడు. విషయం ఏంటంటే ఈ ప్రోటీన్ తయారైనప్పుడు 517 అమైనో ఆమ్లాలు, ముందున్న 17 మైటోకాండ్రియాలోకి వెళ్లడానికి అడ్రసు చీటీ లాంటివి, లోపలికి చేరాక కత్తిరింపు పడుతుంది. జన్యువుల పేపర్లు మొదటి నుంచి లెక్కపెడతాయి, స్ట్రక్చర్ పేపర్లు కత్తిరించాక లెక్కపెడతాయి. 504లోంచి 17 తీసేస్తే 487. అంతే. ఆ రెండు రోజులూ నాకెవరూ తిరిగివ్వలేదు.

487 దొరికాక అసలు ఆశ్చర్యం మొదలైంది, ఎందుకంటే అది సిస్టీన్ పక్కన లేనే లేదు. ఎంజైమ్ నాలుగు సబ్‌యూనిట్ల కట్ట, అందులో ఇద్దరిద్దరు జంటలు. ఈ గ్లుటమేట్ జంట కలిసే చోట ఉండి, ఒక చేత్తో తన గొలుసులోని 264వ ఆర్జినిన్‌ని (ఇదీ అమైనో ఆమ్లమే), రెండో చేత్తో పక్క సబ్‌యూనిట్‌లోని 475వ ఆర్జినిన్‌ని పట్టుకుంటుంది. ఆర్జినిన్లు ప్లస్, గ్లుటమేట్ మైనస్, చక్కగా కుదురుతుంది. అక్కడ లైసిన్ వస్తే మూడూ ప్లస్సే, పట్టు విడిపోతుంది. మరి అంత దూరంలో పట్టు విడిపోతే పని ఎందుకు ఆగుతుంది?

దీనికి ముందు క్రిస్టల్ అంటే ఏంటో ఒక్క ముక్క, ఎందుకంటే ఈ స్ట్రక్చర్లు వచ్చేది ప్రోటీన్ క్రిస్టల్ మీద ఎక్స్-రేలు వేసి చూస్తేనే. మేం చుక్కలో ప్రోటీన్, పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం) కలిపి అద్దం పలకకి తలకిందులుగా వేలాడదీసి, 18 డిగ్రీల్లో పెట్టి వారాల తరబడి మైక్రోస్కోప్‌లో చూసేవాళ్లం. ఒకసారి తళతళలాడే ముక్క కనిపిస్తే ల్యాబంతా పిలిచాను, సూదితో నొక్కితే చిటుక్కుమంది. ఉప్పు! ప్రోటీన్ క్రిస్టల్ అయితే మెత్తగా నలిగిపోతుంది, చప్పుడు చెయ్యదు. నిజంగా వచ్చిన మొదటి క్రిస్టల్స్ 2016 డిసెంబర్‌లో వర్దా తుఫాను తెచ్చిన కరెంటు కోతకి ఇంక్యుబేటర్ ఆగిపోయి కరిగిపోయాయి, నాలుగు రోజుల తర్వాత వెళ్లి చూస్తే చుక్కలు తేటగా ఉన్నాయి. ఏడవలేదు గానీ క్యాంటీన్‌లో ఎవరితోనూ మాట్లాడలేదు.

సరే, క్రిస్టల్‌లో లెక్కలేనన్ని అణువులు ఒకే తీరులో వరుసగా నిలబడతాయి, మనకి దొరికేది వాటన్నిటి సగటు బొమ్మ. కుదురుగా ఉన్న భాగం స్పష్టంగా వస్తుంది, కదిలే భాగం మసకబారుతుంది లేదా అసలు కనిపించదు. ఇప్పుడు 1జడ్‌యూఎమ్ తెరవండి, లైసిన్ ఉన్న ఎంజైమ్ స్ట్రక్చర్ అది, 2005లో వచ్చింది. 1సీడబ్ల్యూ3 మీద దీన్ని పరిస్తే, ఎన్ఏడీ కూర్చునే చోట ఒక హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న భాగం), యాక్టివ్ సైట్ (పని జరిగే చోటు) దగ్గరి ఒక లూప్ (వంపు తిరిగిన భాగం) కనిపించవు. గొలుసు అక్కడ తెగి కనిపిస్తుంది. తెగిపోలేదు, ఊగిపోతోంది. 487 పట్టు విడవగానే ఆ హెలిక్స్‌కి ఆసరా పోయింది, ఎన్ఏడీకి కూర్చోడానికి చోటు కుదరలేదు. ఎన్ఏడీని పట్టుకునే శక్తి వంద రెట్లకు పైగా పడిపోవడానికి కారణం ఇదే. మీ సెమినార్‌లో చూపించాల్సింది రిబ్బన్ కాదు, ఆ ఖాళీ.

నాలుగు సబ్‌యూనిట్ల కట్ట అన్న సంగతి ఇక్కడా పనికొస్తుంది. అమ్మ నుంచి మంచి జన్యువు, నాన్న నుంచి లైసిన్‌ది వస్తే సగం పని జరగాలి కదా అనిపిస్తుంది. ఏది పడితే అది కలిసినట్టు లెక్కేస్తే నాలుగూ మంచివే ఉన్న కట్టలు పదహారింట ఒక్కటి, మిగతావాటిలో చెడ్డది పక్కదాన్నీ కుంటిదాన్ని చేస్తుంది, అందుకే ఒక్క కాపీకే పని సగం కంటే బాగా తగ్గిపోతుంది.

టైముంటే 3ఐఎన్ఎల్ కూడా చూపించండి, లైసిన్ ఎంజైమ్ ఇంకో చిన్న అణువుతో కలిసి ఉన్న స్ట్రక్చర్ అది. స్టాన్‌ఫర్డ్‌వాళ్లు 2008లో కనిపెట్టిన ఆల్డా-1 అనే చిన్న అణువు ఆ సొరంగం నోటి దగ్గర కూర్చుంటుంది, 487ని ముట్టుకోను కూడా ముట్టుకోదు, అయినా ఊగిపోతున్న హెలిక్స్, లూప్ మళ్లీ కుదురుకుని మ్యాప్‌లో (ఆ సగటు బొమ్మలో) కనిపిస్తాయి. లైసిన్ ఎంజైమ్ పని సుమారు 11 రెట్లు పెరిగింది. దారికి అడ్డంగా కూర్చుంటే పని ఆగాలి కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సొరంగం పూర్తిగా మూసుకోదు, అసిటాల్డిహైడ్ చిన్నది, పక్క నుంచి దూరిపోతుంది.

ఇంకోటి, స్లైడ్ మీద 487 (504) అని రెండు నంబర్లూ వెయ్యండి. మేడమ్‌లు వెనక బెంచీలో కూర్చుని ఎదురుచూసేది దానికోసమే.