ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఇమ్యూనిటీ టానిక్ అవసరమా?

ప్రశ్న: మాది నెల్లూరు, ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాము. మా నాలుగేళ్ల బాబుకు మోచేతి మడతల్లోనూ, మోకాళ్ల వెనకా చర్మం ఎర్రబడి గరుకుగా తయారైంది. రాత్రిళ్లు నిద్రలోనే నెత్తురు వచ్చేలా గోక్కుంటున్నాడు. డాక్టరు ఎగ్జిమా అన్నారు. వాడికి ఇమ్యూనిటీ తక్కువని, టానిక్ పట్టించమని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: కాదమ్మా. ఎగ్జిమాలో రోగనిరోధక వ్యవస్థ చర్మంలో అవసరానికి మించి స్పందిస్తుంది కనుక, దాన్ని పెంచుతామనే టానిక్కులతో దురద తగ్గదు.

చర్మం పైపొరను బిగువుగా, తేమగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కొందరిలో పుట్టుకతోనే తక్కువగా తయారవుతుంది. ఆ జన్యువులోని లోపాలకూ ఎగ్జిమాకూ ఉన్న సంబంధం 2006లో వెల్లడైంది. పొర పలచబడిన చోట తేమ బయటికి పోతుంది. దుమ్ములోని సూక్ష్మజీవులు, సబ్బులోని రసాయనాలు లోపలికి చొరబడతాయి. చర్మకణాలు పంపే ఆపద సంకేతాలకు టీహెచ్2 రకం తెల్లరక్తకణాలు అక్కడ చేరి ఇంటర్‌ల్యూకిన్-4, 13, 31 అనే పదార్థాలను విడుదల చేస్తాయి. మొదటి రెండూ మంటను రేపి, ఉన్న ఫిలాగ్రిన్‌ను కూడా తగ్గిస్తాయి. 31 నేరుగా నరాలపై పనిచేసి దురద పుట్టిస్తుంది. గోకితే పొర మరింత దెబ్బతిని, కథ మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి దయచేసి బాబును గోకవద్దని కోప్పడకండి, అది వాడి చేతిలో లేదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన డుపిలుమాబ్ ఇంజెక్షన్ 4, 13ల సంకేతాలను అడ్డుకుని తీవ్రమైన ఎగ్జిమాను అదుపు చేస్తుంది.

మీ బాబుకు ముందు కావలసింది చర్మ సంరక్షణ. సున్నిపిండితో రుద్దకుండా, గోరువెచ్చని నీళ్లతో 5 నుంచి 10 నిమిషాల్లో స్నానం ముగించి, ఒళ్లు మెత్తగా అద్ది, చెమ్మ ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ దండిగా రాయండి. బెంగళూరులో డిసెంబరు, జనవరి నెలల పొడిగాలికి ఇది రోజుకు రెండు మూడుసార్లయినా తప్పదు. డాక్టరు స్టెరాయిడ్ క్రీము రాసి ఉంటే భయపడి మానేయకండి. పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన క్రీము, అంటే సుమారు అర గ్రాము, రెండు పెద్ద అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఎగ్జిమాను తామరగా (ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధిగా) పొరబడి మందుల షాపులో ఇచ్చే, రకరకాల మందులు కలిపిన మిశ్రమ క్రీములు మాత్రం వద్దు. పరీక్షలో ఎలర్జీ తేలకుండానే గుడ్డు, పాలు మాన్పిస్తే ఎదిగే పిల్లవాడికి నష్టం. పుండ్ల మీద పసుపుపచ్చని చెక్కు కట్టినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.