ఏప్రిల్లో వచ్చి చూడు

పాలకొల్లు

నాన్నా,

ఆశీస్సులు. ఫోన్లో సగం మాటలే అయ్యాయి, అందుకని రాస్తున్నాను. కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మేసి, ఇక్కడ ఇల్లు కొనుక్కుని, ఇంటి దగ్గర్నుంచే ఉద్యోగం చేసుకుంటానంటున్నావు. నువ్వొస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఎవరుంటారు? కానీ ఈమధ్య నువ్వు చూసింది సంక్రాంతి పాలకొల్లు. అప్పుడు కాలువల నిండా నీళ్లు, చల్లటి గాలి, ఇంటినిండా చుట్టాలు. ఆ నాలుగు రోజులు చూసి ఇల్లు కొనకు. ఏప్రిల్ నెలాఖర్లో వచ్చి, మే నెలంతా ఉండి చూడు.

ఎందుకంటే దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల వేళకి గోదావరి కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్‌లోనే. ఈలోపు మున్సిపాలిటీ వాళ్లు ముందుగా చెరువులో నింపి పెట్టుకున్న నీళ్లే ఊరికి ఆధారం. కొళాయి వదిలే టైము తగ్గుతుంది, నీళ్ల రంగు మారుతుంది. బోరు ఉంటే చాలుగా అనుకోకు. సముద్రం దగ్గర, పైగా చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులు, చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పుగానే పడతాయి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు హాల్లో మార్బుల్ సంగతి తర్వాత, ముందు బాత్రూమ్‌లోకి వెళ్లి కొళాయి మూతి చూడు. తెల్లగా పెచ్చు కట్టి, గోటితో గీకినా రాకపోతే ఆ ఇంట్లో సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్ మాటిమాటికీ పోతుంది, పాప జుట్టు పీచులా తయారవుతుంది. ఇంటివాళ్లని "నీళ్లు బాగుంటాయా అండీ" అని అడిగితే "ఆయ్, ఏం పర్లేదండీ" అంటారు. "పప్పు ఏ నీళ్లతో ఉడకేస్తారండీ" అని అడుగు. కొనుక్కునే టిన్ను నీళ్లు అన్నారంటే విషయం అర్థమైనట్టే.

స్థలం కొని కట్టుకుందామన్నా అంతే జాగ్రత్త కావాలి. ఊరి చుట్టూ కొత్త లేఅవుట్లన్నీ మొన్నటిదాకా వరిచేలో చేపల చెరువులో. మెరక చేసి అమ్ముతున్నారు. నల్లమట్టి నేల, పునాది సరిగ్గా పడకపోతే గోడలు బీటలు తీస్తాయి. పక్కింటి ముసలాయన్ని అడుగు, పదేళ్ల కింద అక్కడేముండేదో చెప్తాడు. స్థలం మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయేమో తెలిపే ఈసీ తీయించడం, లేఅవుట్‌కి అనుమతి ఉందో లేదో చూడటం నీకు చెప్పక్కర్లేదు. ఏదైనా సరే, మొదటి ఏడాది అద్దెకే ఉండు. హైదరాబాద్ ఫ్లాట్ అద్దెకివ్వు, అమ్మొద్దు. ఒకసారి అమ్మితే ఆ ధరకి మళ్లీ కొనలేవు.

ఇప్పుడు వైద్యం. మీ పెదనాన్నకి ఆ రాత్రి మాట తడబడి కుడిచెయ్యి లేవనప్పుడు ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలీదు. ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో బీపీ చూసి, సెలైన్ పెట్టి, పొద్దున్న పెద్ద డాక్టరుగారు వస్తారన్నారు. మెడికల్ షాపు కుర్రాడు మన వీధివాడే. అతనొచ్చి చూసి, "అండీ, ఇది పక్షవాతంలా ఉంది, ఇక్కడ కూచోకూడదండీ" అని తన కారు తీసి, లుంగీలోనే డ్రైవ్ చేసుకుంటూ భీమవరం తీసుకెళ్లాడు. పాతిక కిలోమీటర్ల దారి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, పడింది. అందుకే ఈరోజు ఆయన తన చేత్తో తాను అన్నం తింటున్నారు. చిన్న ఊళ్లో ఉన్న లోటూ, బలమూ రెండూ ఆ రాత్రే చూశాను. కాబట్టి ఇక్కడికొచ్చిన మొదటి వారంలోనే తెలుసుకో: స్కానింగ్ ఎక్కడుంది, రాత్రిపూట దాన్ని చూసే డాక్టరు ఉంటాడా, మీ ఇన్సూరెన్స్ కార్డు భీమవరంలో ఏ ఆస్పత్రిలో క్యాష్‌లెస్‌గా చెల్లుతుంది. నీకు షుగరుంది, గుండె సంగతి కూడా ఆలోచించాలి. పెద్ద ఆపరేషనంటే రాజమండ్రో విజయవాడో వెళ్లాల్సిందే.

పాప ఏడో తరగతి కదా. రావాలనుకుంటే తొమ్మిదిలో చేరేలోపు రండి, లేదంటే ఇంటర్ అయ్యేదాకా ఆగండి, మధ్యలో మాత్రం వద్దు. ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లకి లోకల్ అంటే మామూలుగా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నదే లెక్క. రాష్ట్రాలు విడిపోయాక హైదరాబాద్ అటు, మనం ఇటు. తొమ్మిది, పది అక్కడా ఇంటర్ ఇక్కడా చదివితే ఆ పిల్ల ఎక్కడ లోకలో తేల్చుకోలేక ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇంకోటి, అక్కడ సెకండ్ లాంగ్వేజ్ హిందీ తీసుకుందన్నావు. ఇక్కడ తెలుగు రాయాల్సొస్తుంది, ఇప్పట్నుంచే రోజూ ఒక పేజీ రాయించు. స్కూలు చూసేటప్పుడు గ్రౌండ్ ఉందో లేదో చూడు. మార్కుల యంత్రాలకి ఇక్కడా కొదవలేదు.

నెట్ గురించి నాకు తెలిసింది తక్కువ, ఫైబర్ లైను మా వీధిలో బాగానే వస్తోంది. కరెంటుకి మాత్రం మంచి ఇన్వర్టర్ పెట్టించుకో. తుఫానొస్తే స్తంభాలు పడి రోజుల తరబడి కరెంటుండదు. 1996 నవంబరులో కోనసీమని ఊడ్చేసిన తుఫాను మా వయసువాళ్లెవరూ మర్చిపోలేదు. 2022 జూలైలో గోదావరి పొంగి యలమంచిలి మండలంలో నది మధ్యనున్న లంకలు నీట మునిగాయి. అలాంటి రోజుల్లో నీ మేనేజరు ఊరుకుంటాడా, ముందే మాట్లాడుకో. ఆఫీసుకి రమ్మంటే మాత్రం ఇబ్బంది లేదు, సాయంత్రం నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటావు. రేపు ఇంటి నుంచి పని వద్దన్నా, ఉద్యోగమే పోయినా ఇక్కడ నీ జీతానికి తగ్గ ఉద్యోగం దొరకదు. అది మాత్రం గట్టిగా ఆలోచించు.

ఖర్చు తగ్గుతుందన్నావు. అద్దె తగ్గుతుంది, కూరలూ చేపలూ తాజాగా చవగ్గా దొరుకుతాయి. కానీ శ్రావణమాసం వస్తే గుమ్మం దగ్గర శుభలేఖలు గుట్టపడతాయి. పిలిచాక వెళ్లకపోతే బాగోదు, వెళ్లాక చదివించకపోతే అంతకంటే బాగోదు. నలుగురితో ఉండటానికి అయ్యే ఖర్చు అది, నేనైతే ఇష్టంగానే పెడతాను. నీకు కలిసొచ్చేది టైము. బ్యాంకుకెళ్లి, పోస్టాఫీసు పని చూసుకుని, పెద్దగోపురం దగ్గర క్షీరారామలింగేశ్వరుడికి దండం పెట్టుకుని ఇంటికొచ్చినా ఇంకా టిఫిన్ వేళ దాటదు. రోజుకి మూడు గంటలు ట్రాఫిక్‌లో పోగొట్టుకుంటున్న నీకు అది మామూలు లాభం కాదు. పాప నీతో కూచుని అన్నం తింటుంది.

అన్నిటికంటే ముఖ్యం కోడలి సంగతి. ఫోన్లో నువ్వే మాట్లాడావు, ఆ అమ్మాయి గొంతు వినపళ్లేదు. నీకిది పుట్టినూరు, నలుగురూ "ఎప్పుడొచ్చావ్ బాబూ" అని పలకరిస్తారు. తనకి అంతా కొత్త. డ్రెస్సేసుకుని కూరలకి వెళ్తే చూసేవాళ్లుంటారు, సాయంత్రం ఒంటరిగా నడకకి వెళ్తే అడిగేవాళ్లుంటారు, ఇల్లు అద్దెకడిగితే "మీరేవిట్లండీ" అని కులం కూపీ లాగేవాళ్లుంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లుమండుతుంది, మారాలి, మారలేదు. తను బ్యాంకు ఉద్యోగం వదులుకుని రావాలంటే దానికి నువ్వొక్కడివే సరే అంటే చాలదు. ముందు భీమవరంలోనో నర్సాపురంలోనో ట్రాన్స్‌ఫర్ దొరుకుతుందేమో కనుక్కోండి. అది తేలాకే మిగతా లెక్కలు.

మా వీధి చివర మేడమీద రెండు గదుల వాటా ఖాళీ అవుతోంది. మే నెలకి మాట్లాడి పెట్టమంటావా? వారం లోపల చెప్పు, ఎండాకాలం సెలవులకి ఎవరో ఒకరు అడుగుతారు. ముందు మాత్రం కోడల్ని నాకు ఫోన్ చెయ్యమను, నువ్వు ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు.

మీ పెద్దమ్మ